పాప్-అప్ హెడ్‌లైట్ల పాత మియాటాకి డీఆర్‌ఎల్: ఏ వైరింగ్ ఎవరికి?

మొదటి తరం మాజ్డా మియాటా ఎత్తు 1.22 మీటర్లే. డాలస్, హ్యూస్టన్ హైవేల మీద పక్క లేన్‌లో పెద్ద పికప్ ట్రక్కు ఉందంటే, ఆ డ్రైవర్ అద్దంలో ఈ కారు సరిగ్గా కనపడదు. పైగా హెడ్‌లైట్లు బానెట్‌లోకి ముడుచుకుని ఉంటాయి. పగటిపూట ముందు నుంచి చూసేవాళ్లకు కన్ను పట్టుకునేదంటూ ఏమీ ఉండదు. ఆ లోటు తీర్చేదే డీఆర్‌ఎల్ (డేటైమ్ రన్నింగ్ లైట్), అంటే పగలంతా కారు ముందు దానంతట అదే వెలిగే దీపం. 1989లో వచ్చి 1997 దాకా తయారైన ఈ మొదటి తరం (ఎన్‌ఏ) మియాటాని కొనుక్కుని వారాంతాల్లో నడుపుకునే మనవాళ్లు అమెరికాలో ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పాత ఆర్‌ఎక్స్-7, ఎమ్‌ఆర్2, పోర్షే 944 లాంటి పాప్-అప్ లైట్ల కార్లున్న వాళ్లకు కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ వాడే కారైతే విడిగా మంచి ఎల్‌ఈడీ డీఆర్‌ఎల్ దీపాలు పెట్టి, ఇగ్నిషన్ ఫీడ్‌తో (తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే వైరు), పార్కింగ్ లైట్లు వేయగానే ఆరిపోయేలా ఐదు పిన్నుల రిలేతో (కరెంట్‌తో కలిసి తెగే చిన్న స్విచ్) వైరింగ్ చేయించండి. కారు బాడీకి ఒక్క రంధ్రం కూడా పడకూడదు, ఒరిజినల్‌గా ఉండాలి అనుకుంటే ముందు ఇండికేటర్లనే డీఆర్‌ఎల్‌గా వాడుకోండి. హెడ్‌లైట్లను తక్కువ వోల్టేజ్‌తో వెలిగించే పాత పద్ధతి మిగతా కార్లకు బాగుంటుంది గానీ ఈ కారుకి నప్పదు. ఆన్‌లైన్‌లో దొరికే అంటించే ఎల్‌ఈడీ పట్టీలను మాత్రం ఎవరికీ చెప్పను.

అసలు డీఆర్‌ఎల్ ఎంత వెలగాలి

ఏ దారి ఎంచుకున్నా ఈ అంకెలు చేతిలో ఉండాలి. యూరప్ పాటించే ఐక్యరాజ్యసమితి ఆర్87 నిబంధన ప్రకారం ఒక్కో డీఆర్‌ఎల్ 400 నుంచి 1200 క్యాండెలాల (ఒక దిక్కుకి వెళ్లే వెలుగు కొలత) మధ్య తెల్లటి వెలుగు ఇవ్వాలి. దీపాలు అమర్చే చోటు గురించి చెప్పే ఆర్48 ప్రకారం నేల నుంచి 25 సెంటీమీటర్లకు పైన, 150కి లోపు ఉండాలి. రెండు దీపాల మధ్య కనీసం 60 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. అమెరికా ఫెడరల్ నిబంధన 108 కొంచెం ఉదారంగా ఉంటుంది. 500 నుంచి 3000 క్యాండెలాల దాకా ఒప్పుకుంటుంది. హై బీమ్‌ని తగ్గించి వాడితే 7000 దాకా వెళ్లొచ్చు. రంగు తెలుపే అక్కర్లేదు, పసుపు కూడా సరే.

రెండు చోట్లా ఉన్న ముఖ్యమైన షరతు ఒకటే. హెడ్‌లైట్లు వేయగానే డీఆర్‌ఎల్ దానంతట అదే ఆరిపోవాలి. చౌక కిట్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. చీకట్లో ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడేది కూడా ఇదే.

అమెరికాలో డీఆర్‌ఎల్ తప్పనిసరి కాదు, 1993 నుంచి అనుమతి మాత్రం ఉంది. కెనడాలో 1989 డిసెంబర్ నుంచి తయారైన ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. కాబట్టి అక్కడ అమ్మిన మియాటాలకు ఫ్యాక్టరీ నుంచే ఈ సదుపాయం వచ్చేది. మీ కారు ఎప్పుడో కెనడా నుంచి వచ్చిందైతే కొత్తగా వైర్లు లాగేముందు దాన్ని నడిపే మాడ్యూల్ (చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె) ఇంకా ఉందేమో చూడండి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలన్న రూల్ వచ్చింది. దాని ఉద్దేశం కూడా ఇదే: చిన్న బండి పగలు కూడా పెద్ద బండివాడి కంట్లో పడాలి.

హెడ్‌లైట్లే వేసుకుని తిరిగితే?

పైసా ఖర్చు లేని దారి ఇది. స్విచ్ వేస్తే లైట్లు లేస్తాయి, వెనక టెయిల్ లైట్లు కూడా వెలుగుతాయి. వర్షంలో, పొగమంచులో ఇంతకంటే మంచిది లేదు. ఏ డీఆర్‌ఎల్ పెట్టుకున్నా ఆ సమయాల్లో హెడ్‌లైట్లు వేయాల్సిందే. కానీ రోజూ పగలంతా అంటే కష్టాలు ఉన్నాయి. లేచిన పాప్-అప్‌లు హైవే వేగంలో గాలికి అడ్డు నిలబడతాయి, టాప్ దించి నడుపుతుంటే ఆ చప్పుడు తెలుస్తుంది. హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, మీటర్ల లైట్లు అన్నీ కలిపి 150 వాట్ల దాకా లాగుతాయి. బండి ఆపి దిగేటప్పుడు లైట్లు తీయడం మరచిపోతే, డిక్కీలో ఉన్న ఆ చిన్న బ్యాటరీ సాయంత్రానికి పడుకుంటుంది. నెలకి ఒకటి రెండుసార్లు మాత్రమే కారు తీసేవాళ్లకైతే మాత్రం ఇదే చాలు. వైరింగ్ జోలికి వెళ్లొద్దు.

హై బీమ్‌ని తగ్గించి వెలిగించడం

1990ల్లో చాలా కార్లు వాడిన పద్ధతి ఇది. రెండు హై బీమ్ ఫిలమెంట్లనీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలుపుతారు. ఆల్టర్నేటర్ ఇచ్చే 14 వోల్ట్‌లలో ఒక్కోదానికి ఏడేసి అందుతాయి. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజ్‌తో పాటు నెమ్మదిగా తగ్గదు, దబ్బున పడిపోతుంది. సగం వోల్టేజ్‌కి వెలుగు సుమారు పదో వంతే ఉంటుంది. హై బీమ్ కాబట్టి ఆ పదో వంతు కూడా ముందుకు సూటిగా వెళ్లి డీఆర్‌ఎల్‌కి సరిపోతుంది. ఫిలమెంట్ అంత వేడెక్కదు కాబట్టి బల్బు కూడా చాలాకాలం వస్తుంది. సిరీస్ బదులు పల్స్‌లతో వోల్టేజ్ తగ్గించే మాడ్యూళ్లు కూడా ఉన్నాయి, ఫలితం దాదాపు ఒకటే.

స్థిరమైన హెడ్‌లైట్లున్న పాత స్పోర్ట్స్ కారు మీదైతే, ఉదాహరణకు రెండో తరం మియాటా, బీఎమ్‌డబ్ల్యూ జెడ్3 లాంటివైతే, ముందు దీన్నే ఆలోచించండి. కొత్త దీపం పెట్టే పని లేదు, బయటికి ఏమీ కనపడదు. ఒక్కటి చూసుకోవాలి. కొన్ని జపాన్ కార్లలో హెడ్‌లైట్ స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. వాటిల్లో నెట్‌లో దొరికే సిరీస్ బొమ్మ పనిచేయదు, వైర్లు కాలొచ్చు. బల్బు సాకెట్ దగ్గర మీటర్ పెట్టి, లైట్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా 12 వోల్ట్‌లు చూపిస్తోందేమో చూడండి. చూపిస్తే స్విచింగ్ ఎర్త్ వైపు ఉన్నట్టే.

ఎన్‌ఏ మియాటాలో ఇది ఎందుకు కుదరదంటే, హై బీమ్ వెలిగినా లైట్లు లోపలే ముడుచుకుని ఉంటాయి. అవి బయటికి కనపడాలంటే పాప్-అప్‌లు ఎత్తి ఉంచాలి. ఎత్తాక మామూలుగా హెడ్‌లైట్లే వేసుకోవచ్చు కదా! డ్యాష్ మధ్యలో లైట్లు వెలిగించకుండా వాటిని ఎత్తడానికి ఒక బటన్ ఉంది కాబట్టి, దాన్ని నొక్కి డీఆర్‌ఎల్ వాడదామని కొందరు అంటారు. రోజూ రెండుసార్లు గుర్తుపెట్టుకుని బటన్ నొక్కాల్సిన ఏర్పాటుని నేను డీఆర్‌ఎల్ అనను. మనిషి మరచిపోయినా వెలిగేదే డీఆర్‌ఎల్.

ఇండికేటర్లనే వాడుకోవడం

ఇది నాకు ఇష్టమైన దారుల్లో ఒకటి. జనరల్ మోటార్స్ ఎన్నో మోడళ్లలో ముందు ఇండికేటర్లనే డీఆర్‌ఎల్‌గా వెలిగించింది, అమెరికా నిబంధన కూడా పసుపు వెలుగుని ఒప్పుకుంటుంది. కొత్త దీపం లేదు, కత్తిరింపు లేదు, ఎప్పుడైనా తీసేయొచ్చు. మాడ్యూల్ ఇండికేటర్ బల్బులోని పెద్ద ఫిలమెంట్‌ని నిరంతరం వెలిగిస్తుంది. మీరు ఎడమకి ఇండికేటర్ వేస్తే ఎడమవైపుది మామూలుగా కొట్టుకుంటుంది, కుడివైపుది వెలుగుతూనే ఉంటుంది. హజార్డ్ వేస్తే రెండూ కొట్టుకుంటాయి.

అమెరికాలో ఇలాంటి చోట ఎక్కువగా వాడే 1157 బల్బు లెక్క చూడండి. పెద్ద ఫిలమెంట్ 27 వాట్లు, చిన్నది 8 వాట్లు. ఇండికేటర్‌గా అది సగం సమయం వెలిగి సగం ఆరుతూ, మొత్తం మీద రోజుకి కొన్ని నిమిషాలే పనిచేస్తుంది. డీఆర్‌ఎల్‌గా గంటలకొద్దీ వెలగాలి. పెద్ద ఫిలమెంట్ ఆయుష్షు సుమారు 1200 గంటలే. బల్బు మార్చడం పెద్ద ఖర్చు కాదు. అసలు సమస్య వేడి. 30 ఏళ్ల పాత ప్లాస్టిక్ లెన్స్, ఎండిపోయిన రబ్బరు సీలు, తుప్పు పట్టిన సాకెట్, వీటి లోపల రెండు గంటలు 27 వాట్లు మండితే సాకెట్‌లోని స్ప్రింగ్ పిన్నులు బలహీనపడతాయి. కొత్త సాకెట్లు వేయకుండా ఈ మార్గం వద్దు.

వేడి తగ్గుతుంది కదా అని ఎల్‌ఈడీ బల్బు పెడితే ఇంకో గొడవ మొదలవుతుంది. తెలుపు, పసుపు రెండూ వెలిగే బల్బులు దొరుకుతాయి. డీఆర్‌ఎల్‌గా తెల్లగా ఉండి, ఇండికేటర్ వేస్తే తెలుపు ఆరి పసుపు కొట్టుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పాత ఫ్లాషర్ (ఇండికేటర్‌ని కొట్టించే రిలే) ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంట్‌ని బట్టి నడుస్తుంది, ఎల్‌ఈడీ పెడితే టకటకా వేగంగా కొట్టుకుంటుంది. దానికి విరుగుడుగా అమ్మే 6 ఓమ్‌ల రెసిస్టర్ వెలిగినప్పుడల్లా 30 వాట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. బంపర్ ప్లాస్టిక్‌కి ఆనించి బిగిస్తే కరుగుతుంది. రెసిస్టర్ బదులు ఎల్‌ఈడీలకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ రిలే మార్చుకోవడమే మేలు. ఫిలమెంట్ కోసం మలిచిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ పడితే వెలుగు సరైన దిక్కుకి వెళ్లదన్నది కూడా మరువొద్దు. దగ్గర నుంచి చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి, వంద అడుగుల దూరం నుంచి చూస్తే అంత ఉండదు. అందుకే ఈ మార్గంలో వెళ్తే మామూలు బల్బు, కొత్త సాకెట్, తగిన మాడ్యూల్ అనే కలయికకే నా ఓటు.

విడిగా ఎల్‌ఈడీ దీపాలు

ఇందులో రెండు లోకాలున్నాయి. ఒకటి 15, 20 డాలర్లకు వచ్చే పట్టీలు. వెనక స్టిక్కర్ ఒలిచి అంటించడమే. మొదటి వేసవిలో జిగురు వదిలేస్తుంది, రెండో వానకి నీళ్లు చేరి సగం ఎల్‌ఈడీలు ఆరిపోతాయి. వెలుగు ముందుకి కాకుండా అన్ని వైపులకీ చిమ్ముతుంది. రెండోది హెల్లా, ఫిలిప్స్ లాంటి కంపెనీలు ఆర్87కి తగ్గట్టు చేసిన దీపాలు. లెన్స్ మీద వృత్తంలో ఇంగ్లీష్ E అక్షరం, దాని పక్కన దేశం అంకె, దగ్గర్లో ఆర్‌ఎల్ అనే రెండు అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. ఆ ఆర్‌ఎల్ గుర్తు లేకపోతే డబ్బాపై ఏం రాసినా అది డీఆర్‌ఎల్ కాదు, అలంకారం. ఖరీదు వంద డాలర్లు దాటుతుంది. అయినా జత మొత్తం 15 వాట్ల లోపే తింటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

మియాటాలో వీటిని బంపర్ మధ్యనున్న నోటిలో పెట్టడం మామూలు. ఇక్కడే టేపు తీయాలి. నోటి రెండు చివరలకూ బిగించినా రెండు దీపాల మధ్య 60 సెంటీమీటర్ల ఎడం అనే లెక్క అందకపోవచ్చు. దీపాలు మరీ మధ్యకి చేరితే దూరం నుంచి మోటార్ సైకిల్ అనుకునే ప్రమాదం ఉంది. పెద్ద దీపాలు పెట్టి రేడియేటర్‌కి వెళ్లే గాలి ఆపొద్దు. టెక్సాస్, అరిజోనా ఎండల్లో పాత మియాటా కూలింగ్‌కి ఆ గాలంతా కావాలి. పలుచటి అడ్డ దీపాలు నోటి కింది అంచున పెడితే రెండు చిక్కులూ తీరతాయి. ఇంకొక కొలత ఉంది. డీఆర్‌ఎల్ అంచు ఇండికేటర్‌కి 10 సెంటీమీటర్లలోపు ఉంటే, ఇండికేటర్ కొట్టేటప్పుడు ఆ వైపు డీఆర్‌ఎల్ ఆరిపోవడం మంచిది. లేకపోతే తెల్లటి వెలుగులో పసుపు కొట్టుకోవడం ఎవరికీ కనపడదు.

ఎప్పుడు వెలగాలి: మూడు రకాల ట్రిగ్గర్లు

దీపం ఎంపిక కన్నా ట్రిగ్గర్ గురించే, అంటే దేన్ని చూసి దీపం వెలగాలన్న దాని గురించే, ఎక్కువ ఆలోచించాలని నా నమ్మకం. దీపం తప్పైతే అందం పోతుంది, ట్రిగ్గర్ తప్పైతే బ్యాటరీ పోతుంది.

కిట్‌లతో వచ్చే మాడ్యూళ్లు ఎక్కువగా వోల్టేజ్ చూసి వెలుగుతాయి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆల్టర్నేటర్ 14కి తెస్తుంది. 13.2 లేదా 13.5 దాటగానే మాడ్యూల్ దీపాలు వెలిగిస్తుంది. కొత్త కార్లలో ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని కంప్యూటర్ పైకీ కిందికీ ఆడిస్తుంది కాబట్టి అక్కడ ఈ మాడ్యూళ్లు తడబడతాయి. పాత మియాటాలో వోల్టేజ్ నిలకడగా ఉంటుంది కాబట్టి పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఇగ్నిషన్ వైరు వెతికే పని లేదు.

కానీ ఈ కార్లలో చాలావాటికి వారమంతా గరాజ్‌లో బ్యాటరీ టెండర్ (బ్యాటరీ దిగిపోకుండా చూసే చిన్న చార్జర్) తగిలించి ఉంటుంది. ఆ టెండర్ బ్యాటరీని 13.2 నుంచి 14.4 వోల్ట్‌ల మధ్య ఉంచుతుంది. మాడ్యూల్‌కి అది ఇంజిన్ నడుస్తున్నట్టే లెక్క. తాళం మీ జేబులో ఉండగా, తలుపు మూసిన గరాజ్‌లో డీఆర్‌ఎల్ రాత్రంతా వెలుగుతుంది. టెండర్ వాడేవాళ్లు వోల్టేజ్ చూసే మాడ్యూల్ ఒక్కదాని మీద ఆధారపడకూడదు. దాని ప్లస్ వైరుని బ్యాటరీకి కాక ఇగ్నిషన్ ఫీడ్‌కి కలిపితే సమస్య పోతుంది. తాళం తిప్పితేనే మాడ్యూల్‌కి ప్రాణం, ఇంజిన్ నడిస్తేనే దీపాలకి వెలుగు. రెండూ కలిసిన ఈ ఏర్పాటు నాకు అన్నిటికన్నా బాగా నచ్చుతుంది.

ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తో వెలిగించమని కొందరు సలహా ఇస్తారు. 1994 దాకా వచ్చిన మియాటాల్లో ఆయిల్ మీటర్ నిజంగా ఒత్తిడిని కొలుస్తుంది. అక్కడున్నది స్విచ్ కాదు, మారే రెసిస్టెన్స్ ఇచ్చే సెండర్. దానికి రిలే తగిలిస్తే మీటర్ తప్పుడు చూపు చూపిస్తుంది. ఇంజిన్ ఆరోగ్యం చెప్పే మీటర్‌ని దీపం కోసం పాడుచేసుకోవద్దు.

ఇగ్నిషన్ ఒక్కదానితోనే వెలిగించడం అన్నిటికంటే సులువు. ఇంజిన్ ఆగి ఉన్నా తాళం ఆన్‌లో ఉంటే దీపాలు వెలుగుతాయన్నదే లోపం. ఎల్‌ఈడీకి 15 వాట్లే కాబట్టి దాన్ని భరించవచ్చు. బల్బుతో ఇండికేటర్ మార్గమైతే 54 వాట్లు, కాసేపు పాటలు వింటూ కూర్చున్నా బ్యాటరీ దిగుతుంది.

హెడ్‌లైట్ వేస్తే ఆరడం: నాలుగు పిన్నులా, ఐదు పిన్నులా

నాలుగు పిన్నుల రిలేతో ఒక తెలివైన కిటుకు ఎప్పటి నుంచో తిరుగుతోంది. రిలే పిన్నుల మీద అంకెలుంటాయి: 85, 86 కాయిల్‌వి, 30, 87 స్విచ్‌వి. 30కి ఫ్యూజ్ గుండా బ్యాటరీ ప్లస్, 87కి దీపాలు, 86కి ఇగ్నిషన్ ప్లస్. 85ని బాడీ ఎర్త్‌కి కాకుండా పార్కింగ్ లైట్ల ప్లస్ వైరుకి కలుపుతారు. పార్కింగ్ లైట్లు ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ వైరు బల్బుల ఫిలమెంట్ల గుండా ఎర్త్‌కి చేరి ఉంటుంది. చల్లటి ఫిలమెంట్ల రెసిస్టెన్స్ చాలా తక్కువ. నాలుగైదు బల్బులు పక్కపక్కన ఉండేసరికి ఒక ఓమ్ లోపే. దాదాపు 90 ఓమ్‌ల రిలే కాయిల్‌కి అది ఎర్త్ కిందే లెక్క. రిలే లాగుతుంది, అంటే లోపలి స్విచ్ కలుస్తుంది, డీఆర్‌ఎల్ వెలుగుతుంది. పార్కింగ్ లైట్లు వేయగానే కాయిల్‌కి రెండు వైపులా 12 వోల్ట్‌లు వచ్చేస్తాయి. మధ్యలో తేడా లేదు, కరెంట్ పారదు, డీఆర్‌ఎల్ ఆరిపోతుంది. ఒకే రిలేతో రెండు పనులు.

దీని లోపాలు వాడుకలో బయటపడతాయి. తాళం తీసేసి పార్కింగ్ లైట్లు మాత్రం వేశారనుకోండి. ఇప్పుడు 85 వైపు 12 వోల్ట్‌లున్నాయి, 86 వైపు ఇగ్నిషన్ వైరు ఖాళీగా ఉంది. కరెంట్ కాయిల్ గుండా వెనక్కి పారి ఇగ్నిషన్ సర్క్యూట్‌లోకి వెళ్తుంది. రిలే లాగి డీఆర్‌ఎల్ వెలుగుతుంది. దీన్ని ఆపడానికి 86 వైరులో 1ఎన్4007 డయోడ్ (కరెంట్‌ని ఒక్క దిక్కుకే పోనిచ్చేది) ఒకటి పెట్టాలి. డయోడ్ మీది వెండి గీత రిలే వైపు ఉండాలి. ఇక రెండోది: టెయిల్, పార్కింగ్ బల్బులన్నీ ఎల్‌ఈడీకి మార్చిన కారులో ఈ కిటుకు పనిచేయదు. ఎల్‌ఈడీలు ఫిలమెంట్‌లా సులువుగా ఎర్త్ ఇవ్వవు. రిలే లాగకపోవచ్చు, లేదా టెయిల్ లైట్లు మసకగా వెలుగుతూ ఉండొచ్చు. ఇప్పుడు ఫిలమెంట్లే ఉన్నా, రేపు ఎవరో బల్బులు మారిస్తే డీఆర్‌ఎల్ ఎందుకు ఆగిపోయిందో ఎవరికీ అర్థం కాదు.

అందుకే ఐదు పిన్నుల రిలే వాడమంటాను. ఇందులో 87ఏ అనే అదనపు పిన్ను ఉంటుంది. రిలే లాగనప్పుడు 30 దానికి కలిసి ఉంటుంది. 30కి ఫ్యూజ్ ఉన్న ఇగ్నిషన్ ఫీడ్, 87ఏకి దీపాలు, 86కి పార్కింగ్ వైరు, 85కి బాడీ ఎర్త్. 87 ఖాళీ, దానికి టోపీ పెట్టండి. మామూలుగా డీఆర్‌ఎల్ వెలుగుతుంది, పార్కింగ్ లైట్లు వేస్తే రిలే లాగి దాన్ని తెంపేస్తుంది. టెయిల్ బల్బులు ఏ రకమైనా తేడా లేదు, వెనక్కి పారే కరెంట్ లేదు. ఎల్‌ఈడీలకు ఒక ఆంపియర్ చాలు కాబట్టి ఇగ్నిషన్ ఫీడ్ నేరుగా సరిపోతుంది. ఇండికేటర్ మార్గంలో మాత్రం నాలుగు ఆంపియర్లు దాటుతుంది. 30 ఏళ్ల ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టుల మీద అంత బరువు వేయకుండా ఇంకో రిలేతో మెయిన్ ఫ్యూజ్ బాక్స్ నుంచి ప్లస్ తీసుకోండి.

ఈ కారులో వైర్లు లాగేటప్పుడు

కిట్ తయారు చేసేవాళ్లందరూ బ్యాటరీ బానెట్ కిందే ఉంటుందనుకుంటారు. మియాటాలో అది డిక్కీలో ఉంది. కిట్ వైరు అందలేదని దాన్ని కారంత పొడుగు సాగదీసి డిక్కీ దాకా లాగడం అనవసరం. బానెట్ కింద మెయిన్ ఫ్యూజ్ బాక్స్‌కి బ్యాటరీ ప్లస్ వచ్చే ఉంది. బ్యాటరీ ప్లస్ కావాల్సిన ఏర్పాటైతే అక్కడి నుంచి తీసుకుని, ఒక జానెడు లోపే ఫ్యూజ్ పెట్టండి. ఎల్‌ఈడీలకి 3 ఆంపియర్లు చాలు. ఇగ్నిషన్ ఫీడ్‌ని డ్యాష్ కింద ఫ్యూజ్ బాక్స్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీయొచ్చు. ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజ్‌ల జోలికి వెళ్లొద్దు. వైర్ల రంగులు సంవత్సరాన్ని బట్టి మారతాయి. మీ ఏడాది ఫ్యాక్టరీ వైరింగ్ బొమ్మ చూసి, పైన మీటర్‌తో ఖాయం చేసుకోండి.

వైరు తొక్క చీల్చి కొరికి పట్టే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు వాడొద్దు. అవి వైరులో సగం పోగులు తెంపుతాయి, ఆ గాటులోకి తేమ చేరి రెండేళ్లలో పచ్చగా తుప్పు పడుతుంది. ఒక స్నేహితుడి కారులో పార్కింగ్ వైరుని ఇలా పట్టించి ఇచ్చారు. కొన్నాళ్లకి రాత్రిళ్లు ఒకవైపు లైట్లు వచ్చీ పోతూ ఉండేవి. విప్పి చూస్తే ఆ క్లిప్పు లోపల రాగి పొడి తప్ప వైరు మిగల్లేదు. వైర్లని లోహపు గొట్టంలో నొక్కి (క్రింపింగ్) కలిపి, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేడి చేసి మూయండి. ఎర్త్‌కి బోల్టు కింద పెయింట్ గీకి మెరిసే ఇనుము కనపడేదాకా శుభ్రం చేసి, బిగించాక దానిపై కాస్త గ్రీజు రాయండి.

పాప్-అప్ కార్లకే ఉన్న జాగ్రత్త ఇంకొకటి. హెడ్‌లైట్ ఎత్తే మోటార్, దాని కడ్డీలు కదిలే దారిలో వైరు పడితే కత్తిరించినట్టు తెగుతుంది. వైర్లు కట్టాక బానెట్ ఎత్తి ఉంచి, డ్యాష్ మధ్యనున్న బటన్‌తో లైట్లను చాలాసార్లు ఎత్తి దించుతూ రెండు వైపులా కళ్లతో చూడండి. ఏ వైరూ లాగకూడదు, ఏ టై కూడా కడ్డీకి తగలకూడదు.

పరీక్ష చేసేటప్పుడు తాళం తీసేసి పార్కింగ్ లైట్లు, తాళం ఆన్ చేసి అన్నీ ఆఫ్, ఇంజిన్ నడుస్తూ ఇండికేటర్, హజార్డ్, హెడ్‌లైట్, ఇలా అన్ని కలయికలూ వేసి చూడండి. పగలు మీటర్ల లైట్లు వెలగవు కాబట్టి, చీకటి పడ్డాక డ్యాష్ నల్లగా ఉంటే హెడ్‌లైట్లు వేయలేదని మీకే తెలుస్తుంది. కొత్త కార్లలో డ్యాష్ ఎప్పుడూ వెలుగుతూ ఉండటం వల్ల ముందు డీఆర్‌ఎల్‌తో, వెనక చీకటితో తిరిగేవాళ్లు పెరిగారు. ఆ ఇబ్బంది ఇక్కడ తక్కువ.

చివరగా తాళం తీసి, తలుపులు మూసి, డిక్కీలో బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి మధ్యలో మీటర్‌ని ఆంపియర్ల మీద పెట్టండి. కొన్ని నిమిషాలాగి చూస్తే 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. డిక్కీ లైటు లెక్కలోకి రాకుండా చూసుకోండి. ఎక్కువ ఉంటే డీఆర్‌ఎల్ ఫ్యూజ్ తీసి మళ్లీ చదవండి. అంకె పడిపోతే తప్పు మీ కొత్త వైరింగ్‌లోనే ఉంది, మాడ్యూల్ ప్లస్ బ్యాటరీకి కలిసిందేమో చూడండి. పడిపోకపోతే అది ముందు నుంచీ ఉన్నదే, రేడియోతో మొదలుపెట్టి ఒక్కో ఫ్యూజ్ తీస్తూ వెతకండి.